వేలమునకు వచ్చిన పాత రైఫిలు: లోహము చెప్పు సాక్ష్యము

అమెరికాలోను, బ్రిటనులోను పాత సైనిక ఆయుధములను వేలము వేయు సంస్థలు పెక్కు కలవు. రెండు ప్రపంచ యుద్ధములలో సైనికులు భుజమున మోసిన రైఫిళ్ళు ఈ వేలములలో అమ్మకమునకు వచ్చుచుండును. వానిని కొనువారిలో చరిత్రయందు ఆసక్తిగల సేకర్తలు కొందరు. గురికాల్పు పోటీలలో పాల్గొనువారు మరికొందరు. వేలమునకు ముందు సరకును చేతబట్టి చూచుకొనుటకు కొంత వ్యవధి నిత్తురు. సాధారణముగా అమ్మకపు షరతు “ఉన్నది ఉన్నట్లుగా” అనియే యుండును. మూడవసారి కేకవేసి పాట కొట్టివేసిన తరువాత లోపము బయటపడినచో నష్టము కొన్నవానిదే. కనుక పాటదారుడు తనకు దొరకిన ఆ కొద్ది సేపటిలోనే వస్తువును పరీక్షించి ఒక నిర్ణయమునకు రావలెను.

ఈ పరీక్షలో రెండు ప్రశ్నలున్నవి. ఈ రైఫిలు కర్మాగారము నుండి వచ్చినప్పటి రూపములోనే యున్నదా, లేక ఎవరైన మార్చిరా? ఇది మొదటిది. దీనిని కాల్చుట క్షేమమా, కాదా? ఇది రెండవది. మొదటి ప్రశ్నపై ధర ఆధారపడును. రెండవ ప్రశ్నపై కాల్చువాని కన్ను, చేయి, ఒక్కొక్కప్పుడు ప్రాణము ఆధారపడును. ఈ రెండును ఒకటే యనుకొనుట పలువురు చేయు పొరపాటు. ఏ మార్పును పొందని చక్కని రైఫిలు కాల్చుటకు ప్రమాదకరమై యుండవచ్చును. మరమ్మతు పొంది ధర తగ్గిన రైఫిలు నిక్షేపముగా పనిచేయవచ్చును. ఏ ప్రశ్నకు సాక్ష్యమెక్కడ దొరకునో తెలిసికొనుటకు ఉన్నత పాఠశాలలో నేర్చిన భౌతిక, రసాయన శాస్త్రములే చాలవరకు సరిపోవును.

చేతిలోనికి తీసికొనగానే

రైఫిలులో ముఖ్యమైన భాగములు నాలుగు. గుండు ప్రయాణించు ఉక్కు గొట్టము మొదటిది. ఆ గొట్టము వెనుక కొనను మరచుట్టుతో బిగించిన ఉక్కు పెట్టెవంటి భాగమును రిసీవరు అందురు. దానిలో ముందునకు, వెనుకకు జరుగుచు తూటాను మూసి పట్టియుంచు గడియవంటిది బోల్టు. ఈ మూటిని మోయుచున్నది కొయ్యభాగము. గొట్టపు వెనుక కొనలో తూటా అమరు ఖాళీని తూటా అర యనవచ్చును.

పరీక్షించువాడు మొట్టమొదట చేయవలసిన పని యొకటే. అచటి ఉద్యోగి అనుమతితో, గొట్టపు మూతిని మనుష్యులు లేనివైపునకు త్రిప్పి, బోల్టు తెరచి, తూటా అర ఖాళీగా నున్నదని కంటితో చూచి నిర్ధారించుకొనవలెను. నూరేండ్ల నాటి తుపాకియైనను ఈ నియమమునకు మినహాయింపు లేదు.

పూత క్రింద తుప్పు

పాత రైఫిళ్ళ ఉక్కుపై నీలిఛాయ గల నల్లని పూత కనిపించును. ఇది రంగు కాదు. ఇనుప ఆక్సైడులలో ఒకటియైన మాగ్నటైటు. పూర్వము ఉక్కును తేమలో నుంచి పలుచగా తుప్పు పట్టనిచ్చి, ఆ ఎఱ్ఱని తుప్పును మరుగునీటిలో ఉడికించి నల్లని మాగ్నటైటుగా మార్చెడివారు. ఇట్లు కొన్నిసార్లు చేయగా ముదురు పూత ఏర్పడును. ఎఱ్ఱ తుప్పు పొరలు పొరలుగా ఉబ్బి రాలిపోవును. దాని సందులగుండా గాలియు తేమయు లోనికి పోవుచునే యుండును. మాగ్నటైటు పొర అట్లుగాక ఉక్కునంటి పెట్టుకొని, పైన రాచిన నూనెను నిలుపుకొనును. రెండును ఇనుము, ఆమ్లజనుల సమ్మేళనములే యైనను ఒకటి లోహమును తినివేయును, మరియొకటి కాపాడును.

తుప్పు తినిన చోట ఉక్కు మీద చిన్న గుంటలు మిగులును. గుంటలలో ఎఱ్ఱ తుప్పు గాని, పూతపోయిన బూడిదరంగు గాని కనిపించినచో పూత ముందు, తుప్పు తరువాత. గుంటల అడుగు భాగము కూడ నున్నని నల్లపూతతో నిండియున్నచో తుప్పు ముందు, పూత తరువాత. అనగా ఎవరో తుప్పును సానబట్టి క్రొత్త పూత వేసిరి. భూగర్భ శాస్త్రజ్ఞుడు రాతిపొరలలో ఏది ముందో, ఏది తరువాతనో నిర్ణయించునట్లే ఇచటను వరుసను నిర్ణయింపవచ్చును. సానబట్టిన లోహమునకు మరియొక గుర్తు కూడ కలదు. కర్మాగారపు ముద్రల అక్షరములు అంచులు కోల్పోయి అరగిపోయినట్లుండును. పదునుగా నుండవలసిన మూలలు గుండ్రబడును.

పూత రకమే కాలమును కూడ తెలుపును. ఉక్కును ఫాస్ఫేటు ద్రావణములో కాచి బూడిదరంగు పొరను కల్పించు పద్ధతిని అమెరికా సైనిక ఆయుధశాలలు 1918 ప్రాంతమున చేపట్టినవి. 1910లో తయారైన అమెరికా రైఫిలుపై అట్టి పొర యున్నచో దానిని తరువాత ఆయుధశాలలో పునరుద్ధరించిరని అర్థము. అది మోసము కాదు. ఆ రైఫిలు చరిత్రలో ఒక భాగము. కాని దానిని “మొదటి పూతతో నున్నది” అని అమ్మజూపినచో అది అసత్యము.

కొయ్యయు అవిసెనూనెయు

రైఫిలు కొయ్యభాగములకు అమెరికాలో వాల్‌నట్ కొయ్యను విశేషముగా వాడిరి. దానికి అవిసెనూనె పట్టించెడివారు. అవిసెనూనె ఆరుట యనగా నీరువలె ఆవిరియగుట కాదు. అది గాలిలోని ఆమ్లజనిని గ్రహించి, అణువులు ఒకదానితో నొకటి పెనవేసికొని గట్టి పొరగా మారును. కాలము గడచిన కొలది ఆ పొర ముదురు గోధుమరంగునకు తిరుగును. కావున ఏండ్లు గడచిన కొయ్యపై, చేయి తగులు చోటుల మెరుగు, ఇతర చోటుల మాసిన రంగు కనిపించుట సహజము. అంతటను ఒకే తీరుగా అద్దమువలె మెరయు కొయ్యను అనుమానింపవలెను.

కర్మాగారములో కొయ్యను లోహముతో సమమట్టముగా, లేక రవ్వంత ఎత్తుగా అమర్చెడివారు. తరువాత ఎవరైన గరుకు కాగితముతో రుద్దినచో కొయ్య అరగి లోహము ఎత్తుగా నిలుచును. సందున వ్రేలు రాచినచో అంచు తగులును. తనిఖీదారు కొయ్యపై కొట్టిన ముద్రలు కూడ అప్పుడు మసకబారును. ముద్ర స్పష్టముగా నుండి చుట్టుకొయ్య అరగియున్నచో ఆ ముద్ర ఈమధ్య కొట్టినదై యుండవచ్చును. అతినీలలోహిత దీపపు వెలుగులో నేటి వార్నిషులు, జిగురులు చాలవరకు పాత నూనెపొరకంటె భిన్నముగా ప్రకాశించును. అతికిన పగుళ్ళు ఇట్లు బయటపడును.

అంకెల లెక్క

బ్రిటిషు సైన్యమునకును, భారత సైన్యమునకును చిరకాలము సేవచేసిన .303 లీ-ఎన్‌ఫీల్డు రైఫిలును ఉదాహరణగా తీసికొనవచ్చును. బెంగాలులోని ఈశాపూరు కర్మాగారములో కూడ దీనిని తయారుచేసిరి. దీని రిసీవరుపైన, గొట్టముపైన, బోల్టు పిడివెనుక ఒకే క్రమసంఖ్య యుండవలెను. సంఖ్యలు కలిసినచో సేకర్తలు ఎక్కువ ధర నిత్తురు. ఇది కేవలము సేకర్తల వేడుక కాదు. బోల్టును రిసీవరునకు సరిగా కూర్చిన తరువాతనే ఆ సంఖ్య వేసెడివారు. సంఖ్య మారినదనగా బోల్టు మరియొక తుపాకిది. అది ఇచట సరిగా కూర్చొనునో లేదో కొలిచియే చూడవలెను. పాత సంఖ్యపై గీత కొట్టి క్రొత్త సంఖ్య వేసియున్నచో అది బహిరంగముగా జరిగిన మార్పు. పాత సంఖ్యను ఆకురాయితో అరగదీసి క్రొత్తది కొట్టినచో అది దాచిన మార్పు. అట్టి చోట లోహపు ఉపరితలము కొద్దిగా పల్లమై, ఆకురాయి గీతలు పక్కవాటు వెలుతురులో కనిపించును.

అంకెను అరగదీసినంత మాత్రమున అది పూర్తిగా నశింపదు. ఉక్కుపై అచ్చును బలముగా కొట్టినపుడు గీతలోని లోహమే గాక దాని అడుగుననున్న లోహము కూడ నలిగి, స్ఫటికముల అమరిక మారును. నేరపరిశోధన శాలలలో ఉపరితలమును మెరుగుపెట్టి, క్యూప్రిక్ క్లోరైడు, హైడ్రోక్లోరికామ్లములు గల ద్రావణమును పూయుదురు. నలిగిన లోహము తక్కిన లోహమువలెగాక వేరు వేగముతో కరగును గనుక, చెరిపిన అంకె మరల నీడవలె తేలును. ఈ పరీక్ష వేలశాలలో చేయదగినది కాకున్నను, ఉక్కు తాను పడిన దెబ్బను ఎట్లు దాచుకొనునో తెలుపును.

అన్ని రైఫిళ్ళకు ఒకే నియమము వర్తింపదు. అమెరికాకు చెందిన 1903 నమూనా స్ప్రింగ్‌ఫీల్డు సాధారణ సైనిక రైఫిలు బోల్టుపై క్రమసంఖ్య వేయు ఆచారము లేదు. అచట సంఖ్య లేకపోవుట లోపము కాదు. పరీక్షకు పోవుటకు ముందే ఆ నమూనాను గూర్చి చదువుకొనవలెననుటకు ఇది యొక కారణము.

అక్షరముద్రలలో ముఖ్యముగా చూడదగినది ‘డి.పి.’ అను బ్రిటిషు ముద్ర. ‘కవాతుకు మాత్రమే’ యని దాని అర్థము. మన ఎన్.సి.సి. విద్యార్థులు కవాతులో ఎత్తిపట్టెడి డి.పి. రైఫిళ్ళు ఈ జాతివే. అరిగిపోయినవో, లోపము గలవో యగు రైఫిళ్ళకు ఈ ముద్ర వేసిరి, వానిని కాల్చరాదు. అమెరికాలో కవాతు రైఫిళ్ళను, ముక్కలుగా కోసిన రిసీవరులను మరల అతికి అమ్మిన సందర్భములు కూడ కలవు. అతుకు పెట్టిన చోట లోహము వేరగుటచే పూత రంగు కొద్దిగా మారును. బోల్టు నడక గరుకుగా నుండును.

గొట్టము లోపలి ఉప్పు

గొట్టము లోపల మెలికగా తిరుగు గాడులుండును. అవి గుండును గిరగిర త్రిప్పి, బొంగరమువలె దారి తప్పకుండ నిలుపును. లీ-ఎన్‌ఫీల్డులో సాధారణముగా ఐదు గాడులు, స్ప్రింగ్‌ఫీల్డులో నాలుగు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున తయారీ త్వరగా జరుగుటకై రెండే గాడులతో కూడ గొట్టములు చేసిరి. అవి తక్కువరకమని తిరస్కరింప నక్కరలేదు.

టార్చిలైటును వెనుక కొనలో వెలిగించి మూతినుండి చూడవలెను. గాడుల అంచులు పదునుగా, వెలుగు సమముగా నుండుట మంచి గుర్తు. ఒకచోట నల్లని ఉంగరమువంటి నీడ కనిపించినచో, అచట గొట్టము ఉబ్బినదని అనుమానింపవలెను. ఒక గుండు గొట్టములో చిక్కుకొనగా, తెలియక మరియొకటి కాల్చినపుడు అట్టి ఉబ్బు కలుగును. మూతి దగ్గర గాడులు ఒక ప్రక్కకు అరగియుండుట మరియొక లోపము. శుభ్రపరచు కడ్డీ గాని త్రాడు గాని ఏండ్లతరబడి ఒకేచోట రాచుకొనుటచే అది కలుగును.

గొట్టము లోపలి గుంటల వెనుక చక్కని రసాయన కథ యొకటి కలదు. పాత తూటాల రంజకములో పొటాసియం క్లోరేటు వాడెడివారు. సైనికులు గొట్టమును తుడిచి నూనె పూసినను కొన్ని దినములకే లోపల తుప్పు పట్టెడిది. పొగలేని తుపాకిమందులోని ఆమ్లములే దీనికి కారణమని చాలకాలము భావించిరి. 1922లో అమెరికా గనుల శాఖకు చెందిన విల్బర్ట్ హఫ్ అసలు కారణమును చూపెను. పొటాసియం క్లోరేటు ప్రేలినపుడు ఆమ్లజనిని కోల్పోయి పొటాసియం క్లోరైడుగా మారును. ఇది మన కూర ఉప్పువంటి లవణమే. గాలిలో తేమ అధికమైనపుడు నీటిని పీల్చి, ఇనుమును తుప్పు పట్టించును. లవణము నూనెలో కరగదు, నీటిలో కరగును. అందుచేతనే బ్రిటిషు సైనికులకు గొట్టములో మరుగునీరు పోసి కడుగవలెనని నేర్పెడివారు. బయట ఎంత చక్కగా నున్నను, యుద్ధభూమిలో నీటితో కడుగని తుపాకి లోపల ఆ ఉప్పు గురుతులు మిగిలియుండును.

కొలత చెప్పు సత్యము

కన్ను చూడగలుగునది ఇంతవరకే. రెండవ ప్రశ్నకు, అనగా కాల్చుట క్షేమమా యను దానికి, కొలత కావలెను. తూటా ప్రేలినపుడు తూటా అరలో సుమారు మూడువేల వాతావరణములంత పీడనము పుట్టును. ఒక చదరపు సెంటీమీటరుపై మూడువేల కిలోగ్రాముల బరువు పెట్టినట్లే. ఈ తాకిడిని వెనుకవైపున అడ్డుకొనునది బోల్టు. బోల్టు ముఖమునకును తూటా ఆనుకొను అంచునకును నడుమ నుండు ఎడమును గేజులతో కొలుతురు.

.303 తూటా అడుగున అంచు కలదు. అది గొట్టపు వెనుక భాగమునకు ఆనుకొనును. కనుక ఇచట ఎడము కనీసము 0.064 అంగుళము ఉండవలెను. సైనిక వాడుకలో 0.074 అంగుళమును మించరాదు. ఈ రెంటికిని గల భేదము పావు మిల్లీమీటరు. తలవెంట్రుకలు మూడు నాలుగు పేర్చిన మందము. ఎడము మించినచో ప్రేలినపుడు తూటా యొక్క ఇత్తడి తొడుగు వెనుకకు సాగును. సాగగా పలుచబడి తెగినచో వేడివాయువు కాల్చువాని ముఖముమీదికి చిమ్మవచ్చును. లీ-ఎన్‌ఫీల్డు నాలుగవ నమూనాలో ఈ ఎడమును సరిచేయుటకై బోల్టు తలలను 0 నుండి 3 వరకు నాలుగు పరిమాణములలో చేసిరి. బోల్టు తలపై 3 అంకె కనిపించినచో సవరణకు మిగిలినది స్వల్పమని తెలియును. గేజి పరీక్షకు వేలసంస్థ అనుమతింపనిచో, కొన్న తరువాత నిపుణుడు కొలుచువరకు ఆ రైఫిలును కాల్చరాదు.

కన్నును గేజును దాటిన లోపము

కంటికిని గేజునకును దొరకని లోపము కూడ కలదు. స్ప్రింగ్‌ఫీల్డు రైఫిలు కథయే దానికి నిదర్శనము. 1903 నమూనా రైఫిళ్ళను మసాచుసెట్స్ రాష్ట్రములోని స్ప్రింగ్‌ఫీల్డు ఆయుధశాలయు, ఇల్లినాయి రాష్ట్రములోని రాక్ ఐలెండ్ ఆయుధశాలయు చేసినవి. 1917లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధమున ప్రవేశించిన కాలమున కొన్ని రైఫిళ్ళ రిసీవరులు కాల్చునపుడు పగిలి ముక్కలైనవి. మంచి ఉక్కు అధిక పీడనమునకు సాగవలెను, వంగవలెను. ఇవి గాజువలె పగిలినవి.

విచారణలో కారణము కొలిమి దగ్గర దొరకినది. ఉక్కు ఎంత వేడెక్కినదో పనివారు దాని రంగును చూచి నిర్ణయించుచుండిరి. మబ్బు పట్టిన దినమున కాంతివంతముగా కనిపించు ఎరుపు, ఎండ కాయు దినమున వెలవెలబోయినట్లు తోచును. అందుచే ఎండదినములలో ఉక్కును మరింత కాచిరి. పైరోమీటరు అను ఉష్ణమాపకమును పెట్టి చూడగా వేడి ఒక్కొక్కప్పుడు ఉండవలసినదానికంటె 300 ఫారన్‌హీటు డిగ్రీలవరకు, అనగా సుమారు 165 సెంటీగ్రేడు డిగ్రీలు హెచ్చుగా నున్నది. అతిగా కాచిన ఉక్కులో స్ఫటికములు పెద్దవై, వాని మధ్య పట్టు సడలి, లోహము పెళుసగును. ఈ విచారణ వివరములను జూలియన్ హాచర్ అను సైనికాధికారి 1947లో వెలువడిన తన గ్రంథమున వ్రాసెను.

దీనికి పోలిన విషయమును ఉపాధ్యాయులు తరగతిలో చూపవచ్చును. రెండు ఉక్కు కుట్టుసూదులను పట్టకారుతో పట్టి ఎఱ్ఱగా కాల్చవలెను. ఒకదానిని వెంటనే నీటిలో ముంచి, రెండవదానిని మెల్లగా చల్లారనీయవలెను. మసి తుడిచిన తరువాత రెండును ఒకే విధముగా కనిపించును. వంచిచూచినచో మెల్లగా చల్లారినది వంగును. నీట ముంచినది పుటుక్కున విరుగును. విరిగిన ముక్క ఎగురును గనుక కండ్లకు అద్దములు పెట్టుకొని, గుడ్డలో చుట్టి వంచవలెను. ఇచట పెళుసుతనమునకు కారణము వేగముగా చల్లార్చుట; స్ప్రింగ్‌ఫీల్డులో అతిగా కాచుట. కాని వేడిచేసిన తీరు ఉక్కు గుణమును మార్చుననియు, ఆ మార్పు పైకి కానరాదనియు రెండును తెలుపును.

1918లో ఆయుధశాలలు పైరోమీటరులను నమ్మి, రెండు దశలలో ఉక్కుకు పదను పెట్టు పద్ధతిని అవలంబించినవి. స్ప్రింగ్‌ఫీల్డులో సుమారు 8,00,000 సంఖ్యనుండియు, రాక్ ఐలెండులో 2,85,507 సంఖ్యనుండియు క్రొత్త పద్ధతి రిసీవరులు మొదలైనవి. అంతకు తక్కువ సంఖ్యగలవి పది లక్షలకు పైగా తయారైయుండెను. వానిలో పగిలినవి బహుకొద్ది. కాని ఏది పగులునో, ఏది నిలుచునో పైకి చూచి చెప్పు మార్గము లేదు. సైన్యము వానినన్నిటిని ఒక్కసారి పారవేయక, మరమ్మతుకు వచ్చినవాని రిసీవరులను తొలగించుచు వచ్చినది. అమెరికాలో పాత సైనిక రైఫిళ్ళను పౌరులకు విక్రయించు సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రాం అను సంస్థ ఈ తక్కువ సంఖ్యల రైఫిళ్ళను కాల్చవద్దనియే సలహా నిచ్చుచున్నది.

ఇచట పాటదారుడు గమనింపవలసిన చిక్కు యొకటి కలదు. స్ప్రింగ్‌ఫీల్డు గొట్టముపై, మూతి దగ్గర, తయారైన నెలయు సంవత్సరమును ముద్రించియుండును. అచట 1942 అని చూచి, ఇది క్రొత్త రైఫిలని సంతోషింపరాదు. గొట్టము మార్చినను రిసీవరు పాతదే. పెళుసుతనముండునది రిసీవరులో. కనుక చూడవలసినది రిసీవరుపై సంఖ్య.

పాట ఎంతవరకు

పరీక్ష ముగిసిన తరువాత ఒక కాగితముపై రెండు వరుసలు వ్రాసికొనుట మంచిది. ఒక వరుసలో పూత, కొయ్య, ముద్రలు, సంఖ్యలు. ఇవి ధరను నిర్ణయించును. రెండవ వరుసలో గొట్టము, ఎడము, అతుకులు, రిసీవరు సంఖ్య. ఇవి వాడుకను నిర్ణయించును. చూడలేకపోయిన వానిని బాగున్నవని వ్రాయరాదు, చూడలేదనియే వ్రాయవలెను. ఆ ఖాళీలకు తగినట్లు పాటను తగ్గించి, తన గరిష్ఠ మొత్తమును వేలము మొదలుకాక మునుపే నిర్ణయించుకొనవలెను. సభలో పోటీ పెరిగినపుడు మనస్సు చెప్పు లెక్క వేరుగా నుండును. కొనుటకు ఆయా దేశముల చట్టములు కోరు అనుమతులు ముందే యుండవలెను. మన దేశములో 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము లైసెన్సు లేనిదే ఇట్టి రైఫిలును ఉంచుకొనరాదు.

1910 నాటి స్ప్రింగ్‌ఫీల్డు రైఫిలు మొదటి నీలిపూతతో, చెదరని ముద్రలతో వేలమునకు వచ్చినదనుకొనుడు. మొదటి వరుస ప్రకారము అది అపురూపము. సేకర్తలు పోటీపడి పాడుదురు. రెండవ వరుస ప్రకారము దానిలో ఒక్క తూటాయైనను పేల్చరాదు. తెలిసినవాడు దానిని మంచి ధరకే కొని, తుప్పు పట్టకుండ పలుచగా నూనె రాచి, పాత పూతను రుద్దక, “కాల్చరాదు” అని వ్రాసిన చీటిని బోల్టునకు కట్టి గోడకు తగిలించును. తరువాత ఆ యింటికి వచ్చి దానిని చేతబట్టువారికి ఆ చీటి అవసరము; ఏలయనగా లోపలి పెళుసుతనమును ఆ రైఫిలు తనంతట తాను చెప్పజాలదు.